సైట్ తెరుచుకోలేదా? పాడైందా, బ్లాక్ చేశారా, తీసేశారా అనేది తేల్చుకోవడం ఎలా?

ఏదో వార్త లింకు నొక్కారు, పేజీ రాలేదు. ఇలాంటప్పుడు కొందరు "తొక్కేశారు, నిజం బయటికి రానివ్వరు" అని క్షణాల్లో పోస్ట్ పెట్టేస్తారు, ఇంకొందరు "నెట్ బాలేదులే" అని వేరే పనిలో పడిపోతారు. ఇద్దరూ ఊహిస్తున్నారే తప్ప ఏమైందో చూడలేదు.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ప్రపంచమంతా దాదాపు 6 గంటలు ఆగిపోతే రకరకాల పుకార్లు లేచాయి, తీరా చూస్తే మెయింటెనెన్స్ పనిలో ఆ కంపెనీ తన నెట్‌వర్క్‌ని తానే తెంపేసుకుంది. అదే టర్కీలో 2017 ఏప్రిల్ 29 నుంచి వికీపీడియా రాకపోవడం మాత్రం అచ్చంగా ప్రభుత్వ నిషేధం. అది భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చాక 2020 జనవరి 15న గానీ మళ్లీ తెరుచుకోలేదు. ఫోన్ పట్టుకున్నవాళ్లకి రెండు సందర్భాల్లోనూ కనిపించింది ఒక్కటే, పేజీ రాలేదన్న మెసేజ్.

ఎవరు ఆపారో, ఏ మెట్టు దగ్గర ఆపారో తెలిస్తేనే దాన్ని దాటే దారి దొరుకుతుంది, ఎవరిని నిలదీయాలో కూడా అప్పుడే తెలుస్తుంది. వరసగా వెళ్దాం.

1. ముందు మీ వైపు చూసుకోండి

మిగతా సైట్లు వస్తున్నాయా? వైఫై ఆపేసి మొబైల్ డేటాతో ప్రయత్నించండి, బ్రౌజర్ మార్చండి, ప్రైవేట్ విండోలో తెరవండి. ఆఫీసు, కాలేజీ వైఫైల్లో సొంత ఫిల్టర్లు ఉంటాయి, దాన్ని పట్టుకుని దేశమంతా నిషేధం అనకండి. ఒక కంపెనీ నెట్‌లో వచ్చి ఇంకో కంపెనీ నెట్‌లో రాకపోతే అది మంచి ఆధారం, ఎందుకంటే బ్లాక్ చేయమని ఆదేశం వచ్చినా ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో, ఒక్కో రోజున అమలు చేస్తుంది. ఏ నెట్‌లో ఏమైందో గుర్తుపెట్టుకోండి.

2. వేరే దేశంలో వస్తోందేమో అడగండి

బయట దేశంలో తెలిసినవాళ్లుంటే లింకు పంపి తెరవమనండి. ఎవరూ లేకపోతే, ఫలానా సైట్ అందరికీ ఆగిందా లేక నాకేనా అని చెప్పే ఉచిత సైట్లు ఉన్నాయి. అక్కడ వచ్చి ఇక్కడ రాకపోతే మూడో మెట్టుకి వెళ్లండి.

ఎక్కడా రాకపోతే సర్వరే పడిపోయి ఉండొచ్చు. అయితే దాని వెనకా ఎవరో ఉండొచ్చు. చిన్న వార్తా సైట్లని ముంచడానికి వేల కంప్యూటర్ల నుంచి ఒకేసారి దొంగ ట్రాఫిక్ పంపడం పాత ఎత్తుగడ, ఇందులో ఆదేశం ఉండదు, సంతకం ఉండదు, ఎవరు చేయించారో నిరూపించడం మహా కష్టం. క్లౌడ్‌ఫ్లేర్ అనే నెట్ కంపెనీ 2014లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గెలీలియో, గూగుల్ వాళ్ల ప్రాజెక్ట్ షీల్డ్ ఇలాంటి సైట్లకి ఉచితంగా రక్షణ ఇచ్చేది అందుకే. ఒక్కోసారి ఒక దేశంలో పెట్టిన బ్లాక్ గోడ దూకి ప్రపంచం మీద పడుతుంది కూడా. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ని తమ దేశంలో ఆపబోయి పాకిస్తాన్ టెలికాం ఇచ్చిన తప్పుడు దారి సమాచారం బయటి నెట్‌వర్క్‌లకి పాకిపోయింది, దాంతో దాదాపు 2 గంటలు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ రాలేదు.

సైట్ ఒక్కటే కాదు, దేశం మొత్తం నెట్ పోయిందని అనుమానమా? క్లౌడ్‌ఫ్లేర్ రాడార్, నెట్‌బ్లాక్స్, జార్జియా టెక్ యూనివర్సిటీ నడిపే ఐయోడా, ఏ దేశంలో నెట్ ఎలా ఉందో చూపించే ఈ మూడు సైట్లూ చూడండి. ట్రాఫిక్ గ్రాఫ్‌లో గీత మెల్లగా జారిందా, నిటారుగా కిందికి పడిపోయిందా గమనించండి, నిటారుగా పడితే ఎవరో ఆపారేమోనని అనుమానించాలి. 2011 జనవరి 27 అర్ధరాత్రి దాటాక ఈజిప్టులో కొద్ది నిమిషాల తేడాతో పెద్ద నెట్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మాయమయ్యాయి, ఫిబ్రవరి 2 దాకా రాలేదు. అలా వరసపెట్టి జరిగితే పైనుంచి ఫోన్ వచ్చిందనే. ఇరాక్‌లో, అల్జీరియాలో బడి పరీక్షల రోజుల్లో కాపీలు ఆపడానికని గంటల తరబడి నెట్ కట్టేస్తుంటారు, ఆ గ్రాఫ్‌లో గుంటలు పరీక్ష టైముకి సరిగ్గా సరిపోతాయి. (పిల్లల కాపీల కోసం దేశం మొత్తానికి నెట్ తీసేయడమేంటో!)

అయినా తొందరపడకండి. 2022 జనవరిలో టోంగా దాదాపు 5 వారాలు సరైన నెట్ లేకుండా ఉండటానికి కారణం సముద్రంలో పేలిన అగ్నిపర్వతం కేబుల్‌ని తెంపడం. 2011లో ఆర్మేనియాలో చాలా భాగం గంటల తరబడి నెట్ కోల్పోయింది, పక్కనున్న జార్జియాలో ఒక పెద్దావిడ పాత రాగి కోసం తవ్వుతూ పారతో ఫైబర్ కేబుల్‌ని కోసేసిందట!

3. ఎర్రర్ మెసేజ్‌ని చదవండి

చాలామంది ఇక్కడే తప్పుకుంటారు, అసలు సమాచారమంతా ఇక్కడే ఉంటుంది. ఇంగ్లిష్‌లో అడ్డదిడ్డంగా ఉన్నా కంగారు పడకండి, చూడాల్సిన మాటలు కొన్నే.

"సైట్ దొరకలేదు", "ఎన్ఎక్స్ డొమైన్" (NXDOMAIN, ఆ పేరుతో సైట్ లేదని) లాంటివి ఉంటే పేరు దగ్గరే ఆగింది, నాలుగో మెట్టు చూడండి. "కనెక్షన్ రీసెట్" అంటే మాట కలిసింది, మధ్యలో ఎవరో తెంపారు. అదే సైట్‌కి ప్రతిసారీ, వెంటనే రీసెట్ అవుతూ మిగతావన్నీ బాగుంటే బ్లాక్ అనుమానం బలపడుతుంది. "టైమ్డ్ అవుట్" అంటే ఎదురుచూసి ఎదురుచూసి వదిలేసింది, ఇది బ్లాక్ కావచ్చు, మామూలు రద్దీ కావచ్చు, దీని ఒక్కదాని మీద తీర్పు చెప్పలేం. "సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని చూపే గుర్తింపు పత్రం) సరిగా లేదు" అని ఎర్ర హెచ్చరిక వస్తే మాత్రం ముందుకెళ్లే బటన్ నొక్కకండి. కొన్నిసార్లు అది గడువు తీరిన సర్టిఫికెటే అయినా, మధ్యలో ఇంకెవరో ఆ సైట్‌లా నటిస్తున్నా ఇదే హెచ్చరిక వస్తుంది. నిషేధించామని నేరుగా రాసున్న పేజీ వస్తే అది అన్నిటికన్నా నిజాయితీ గల బ్లాక్, అందులో ఆదేశం నంబర్ ఉంటే రాసుకోండి.

ఇక అంకెలు. 404 అంటే సైట్ ఉంది, ఆ పేజీ లేదు. 403 అంటే ఇవ్వనంటోంది, కొన్నిసార్లు మీ దేశాన్ని చూసి. ఇది ప్రభుత్వం పని కానక్కర్లేదు. 2018 మేలో ఐరోపా కొత్త డేటా చట్టం అమల్లోకి రాగానే లాస్ ఏంజెలెస్ టైమ్స్, షికాగో ట్రిబ్యూన్ ఆ గొడవెందుకని ఐరోపా పాఠకులందరికీ తలుపులు మూసేశాయి. చట్టపరమైన కారణంతో ఇవ్వట్లేదని చెప్పడానికి 451 అని ప్రత్యేకంగా ఒక నంబర్ 2016లో ప్రమాణంగా వచ్చింది, కానీ దాన్ని వాడేవాళ్లు తక్కువ. ఆపే చాలామందికి ఆపామని ఒప్పుకోవడం ఇష్టముండదు మరి.

4. డీఎన్ఎస్ మార్చి చూడండి

మీరు సైట్ పేరు కొడితే దాని వెనకున్న నంబర్‌ని వెతికి ఇచ్చేది డీఎన్ఎస్, ఫోన్‌లో కాంటాక్ట్ పేరు నొక్కితే నంబర్‌కి కాల్ వెళ్లినట్టే. ఆ పని మామూలుగా మీ నెట్ కంపెనీ చేస్తుంది కాబట్టి దానికి అందిన చవకైన ఆదేశం "ఆ పేరు అడిగితే లేదని చెప్పు" అనేది. పరీక్షించడానికి ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లయితే సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని వెతికి వేరే కంపెనీది పెట్టండి, కంప్యూటర్‌లో అయితే బ్రౌజర్ సెట్టింగ్స్‌లోనే సెక్యూర్ డీఎన్ఎస్ ఉంటుంది. మార్చగానే సైట్ వచ్చిందా? తేలిపోయింది, పేరు దగ్గర ఆపారు.

2014 మార్చిలో టర్కీ ట్విట్టర్‌ని ఇలాగే ఆపితే జనం గోడల మీద 8.8.8.8 అని రాశారు, అది గూగుల్ డీఎన్ఎస్ అడ్రస్. ఆ ముచ్చట ఎక్కువ రోజులు సాగలేదు. ఆ అడ్రస్‌కి వెళ్లే ప్రశ్నల్ని కూడా దారి మళ్లించి నెట్ కంపెనీలు తామే గూగుల్ అన్నట్టు జవాబులివ్వడం మొదలుపెట్టాయి. ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ప్రశ్న ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యవాళ్లు చదవలేని కోడ్‌గా మారి వెళ్తుంది కాబట్టి ఆ మోసం ఇప్పుడు అంత తేలిక కాదు.

మార్చినా రాకపోతే ఆపింది ఇంకా లోపల. అడ్రస్ బార్‌లో తాళం గుర్తున్నా, కనెక్షన్ మొదలయ్యే తొలి పలకరింపులో సైట్ పేరు చాలావరకు ఇప్పటికీ బయటికే కనిపిస్తుంది, దాన్ని చూసి తెంపే పరికరాలు ఉన్నాయి. కనిపించనిది మీరు ఏ పేజీ చదువుతున్నారనేది. ఈ చిన్న సాంకేతిక సంగతి స్వేచ్ఛ లెక్కల్ని చాలా మార్చింది. వికీపీడియా 2015 జూన్‌లో మొత్తంగా ఎన్‌క్రిప్షన్‌లోకి మారాక, నచ్చని నాలుగు వ్యాసాల్ని మాత్రమే ఏరి ఆపడం ఏ ప్రభుత్వానికీ కుదరదు. అన్నీ ఉండనివ్వాలి, లేదా మొత్తం సైట్‌నే ఆపాలి. టర్కీ అభ్యంతరం కొన్ని వ్యాసాల మీదే, ఆపింది మాత్రం అన్ని భాషల వికీపీడియానీ. చైనా 2019 ఏప్రిల్ నుంచి చేసిందీ అదే. గుట్టుగా ఒక పేజీ మాయం చేయడం కన్నా అందరికీ కనిపించేలా సైట్ మూయడమే నయమని నా అభిప్రాయం, కనీసం గొడవ చేయడానికి ఒక ఆధారం ఉంటుంది.

5. ఊనీ ప్రోబ్‌తో ఖాయం చేసుకోండి

ఊనీ అనేది 2012 నుంచి ప్రపంచవ్యాప్తంగా నెట్ అడ్డంకుల్ని కొలుస్తున్న స్వచ్ఛంద ప్రాజెక్టు. దాని యాప్ ఉచితం. మీకు కావలసిన సైట్ అడ్రస్ ఇస్తే మీ నెట్ నుంచి ఒకసారి, అడ్డంకి లేని చోటు నుంచి ఒకసారి తెరిచి, తేడా ఏ మెట్టు దగ్గర వచ్చిందో చెప్తుంది. యాప్ వద్దనుకుంటే ఊనీ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో మీ దేశం, ఆ సైట్ పేరు ఇచ్చి ఇప్పటికే ఇతరులు చేసిన పరీక్షలు చూడొచ్చు. అక్కడ "అనామలీ" అని ఉంటే అది అనుమానం మాత్రమే, ఖాయం కాదు. ఒకటి రెండు ఉంటే వదిలేయండి, వేరే వేరే నెట్‌లలో రోజుల తరబడి కనిపిస్తుంటే నమ్మండి.

ఒక జాగ్రత్త. ఫలితాలు దేశం పేరు, నెట్‌వర్క్ పేరుతో బహిరంగంగా వెళ్తాయి, మీరు పరీక్షిస్తున్నట్టు మీ నెట్ కంపెనీకి తెలిసే వీలుంది, పరీక్షించే మామూలు జాబితాలో కొన్ని దేశాల్లో చిక్కు తెచ్చే సైట్లూ ఉంటాయి. అలాంటి దేశంలో ఉంటే ఈ మెట్టు వదిలేయండి, ఎక్స్‌ప్లోరర్ చూడటంతో సరిపెట్టుకోండి.

6. సైట్ బాగానే ఉంది, ఆ పోస్ట్ ఒక్కటే లేదా?

ఇది వేరే కథ, ఇక్కడ నెట్ కంపెనీకి సంబంధం లేదు. రాసినవాళ్లే తీసేసి ఉండొచ్చు, ప్లాట్‌ఫామ్ తన రూల్స్ ప్రకారం తీసి ఉండొచ్చు, కాపీరైట్ ఫిర్యాదు వచ్చి ఉండొచ్చు, కోర్టో ప్రభుత్వమో అడిగి ఉండొచ్చు. "మీ దేశంలో అందుబాటులో లేదు" అని ఉంటే చివరిది కావచ్చు, ట్విట్టర్ 2012 నుంచే ఇలా ఒక్కో దేశం వరకు దాచడం మొదలుపెట్టింది. కారణం వెతకడానికి ల్యూమెన్ డేటాబేస్‌లో సైట్ పేరు కొట్టి చూడండి, 2002 నుంచి తొలగింపు నోటీసుల్ని అక్కడ పోగుచేస్తున్నారు. గూగుల్ 2010 నుంచి ఇస్తున్న ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్‌లో ఏ దేశం ఏ కారణంతో ఎన్ని అడిగిందో ఉంటుంది. ఐరోపాలో ఇంకో కారణం ఉంది, 2014 మేలో అక్కడి కోర్టు తీర్పుతో, తన పేరు కొడితే వచ్చే పాత లింకుల్ని సెర్చ్ ఫలితాల నుంచి తీసేయమని మనిషి అడగొచ్చు. పేజీ అక్కడే ఉంటుంది, ఆ పేరుతో వెతికితే మాత్రం రాదు, వేరే మాటలతో వెతకండి.

7. సమాచారం కావాలంటే

తక్కువ రిస్క్ ఉన్నదాంతో మొదలుపెట్టండి. ముందు, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో ఆ లింకు పెట్టి పాత కాపీ ఉందేమో చూడండి, తీసేసిన పేజీలకి ఇదే మొదటి దిక్కు. అదే వార్త ఇంకెవరైనా వేశారేమో చూడండి. వికీపీడియా లాంటివి కివిక్స్ యాప్‌తో ముందే దింపుకుని నెట్ లేకుండా చదవొచ్చు. నిషేధించిన సైట్లకి నకలు సైట్లు నడిపే సంస్థలు ఉన్నాయి, పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అయితే 2020లో మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఏకంగా ఒక లైబ్రరీ కట్టి నిషేధిత వార్తా వ్యాసాల్ని అందులో పెట్టింది.

వీపీఎన్, టోర్ ఆ తర్వాతి మాట. వీపీఎన్ పెడితే మీ ట్రాఫిక్ ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా వెళ్తుంది, మీరు చూసే సైట్లు నెట్ కంపెనీకి కనిపించవు, వీపీఎన్ కంపెనీకి కనిపిస్తాయి, అంతే తేడా. ఊరికే ఇచ్చే పేరు తెలియని వీపీఎన్ కన్నా అసలు లేకపోవడమే మేలు. టోర్ అనే ఉచిత బ్రౌజర్ ఏ ఒక్కరినీ నమ్మాల్సిన పని లేకుండా మూడు మజిలీల మీదుగా తీసుకెళ్తుంది, నెమ్మదిగా ఉంటుంది, దాన్నే బ్లాక్ చేసిన చోట బ్రిడ్జ్ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. కొన్ని దేశాల్లో వీటి వాడకం మీద ఆంక్షలు ఉన్నాయి, మీ చట్టం ఏం చెప్తుందో చూసుకున్నాకే పెట్టండి.

8. రాసిపెట్టుకోండి

తేదీ, టైము, ఏ నెట్‌లో, ఏ అడ్రస్, ఏ మెసేజ్. స్క్రీన్‌షాట్‌లో ఇవన్నీ పడేలా తీయండి, మీ అకౌంట్ పేరు, నోటిఫికేషన్లు పడకుండా చూసుకోండి. ఇంకా తెరుచుకుంటున్న పేజీ ఏదైనా రేపో మాపో పోతుందనిపిస్తే వేబ్యాక్ మెషీన్‌లోనే "సేవ్ పేజ్ నౌ" ఉంది, లింకు పెట్టి నొక్కితే ఆ క్షణం నాటి కాపీ తేదీతో సహా అక్కడ ఉండిపోతుంది. లాగిన్ అయితేనే కనిపించే పేజీలు మాత్రం అందులో సేవ్ కావు, వాటిని పీడీఎఫ్‌గా దింపుకోండి. పోస్ట్ పెట్టేటప్పుడు "బ్లాక్ చేశారు" అని కాకుండా "ఫలానా కంపెనీ నెట్‌లో, ఫలానా టైముకి, ఈ ఎర్రర్‌తో రావట్లేదు, డీఎన్ఎస్ మారిస్తే వస్తోంది, మీకెలా ఉంది?" అని రాయండి. వేరే నెట్‌లవాళ్లు తమ ఫలితాలు కింద చేరుస్తారు, విలేకరులకీ వకీళ్లకీ పనికొచ్చేది ఆ వరసే.