కౌన్సిల్ ఎన్నిక పెట్టబోతున్నారా? నామినేషన్లకు ముందే చూసుకోవాల్సినవి

కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఎన్నిక మాట వచ్చేది మామూలుగా ఏదో ఒకటి తెగాకే. మొదలుపెట్టిన మనిషి విసిగిపోయి తప్పుకుంటాడు, లేదా ప్రాజెక్టును చూసుకునే ఇద్దరు మెయింటెయినర్లకు పడక సగం మంది ఫోర్క్ చేస్తామని, అంటే కోడ్ కాపీతో వేరు కుంపటి పెడతామని లేస్తారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకు మొదటిది జరిగింది. 2018 జూలైలో దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ పగ్గాలు వదిలేశారు. ఆ తర్వాత ఎవరిని ఎన్నుకోవాలన్నది అటుంచి, ఎలాంటి పాలన కావాలో తేల్చుకోవడానికే డిసెంబరు దాకా పట్టింది. ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ 2019 మొదట్లో గానీ రాలేదు. మాది చిన్న ప్రాజెక్టే కదా, రెండు వారాల్లో ముగించేద్దాం అనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి. చిన్న ప్రాజెక్టులో అందరూ అందరికీ తెలుసు, అందుకే మొహమాటాలూ ఎక్కువ, మాటపట్టింపులూ ఎక్కువ.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. పోటీలో ఎవరుంటారో తెలియకముందే రూల్స్ రాసి, కోడ్ ఉండే రిపాజిటరీలో పెట్టి, ఎన్నిక అయ్యేదాకా వాటిని ముట్టుకోకూడదని తీర్మానం చేసుకోండి. పేర్లు బయటికొచ్చాక రాసిన ఏ రూలైనా ఎవరినో గెలిపించడానికో, ఎవరినో ఆపడానికో రాసినట్టే కనిపిస్తుంది. నిజంగా అలా కాకపోయినా సరే.

ఓటు ఎవరికి?

గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. కుబర్నెటీస్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో గడిచిన 12 నెలల్లో కనీసం 50 కాంట్రిబ్యూషన్లు ఉన్నవాళ్లకు స్టీరింగ్ కమిటీ ఎన్నికలో ఓటు ఉంటుంది. దాంతో ఆపకుండా, లెక్కకు అందని పని చేసినవాళ్లు విడిగా దరఖాస్తు పెట్టుకునే దారి కూడా ఇచ్చారు. ఆ రెండో భాగాన్ని కాపీ కొట్టడం చాలామంది మర్చిపోతారు. కమిట్లు, అంటే కోడ్‌లో చేరిన మార్పులు మాత్రమే లెక్కిస్తే అనువాదం చేసేవాళ్లు, బగ్ రిపోర్టులు ఓపిగ్గా వడగట్టేవాళ్లు, డాక్యుమెంటేషన్ మీద నెలలు గడిపేవాళ్లు బయటే ఉండిపోతారు. అక్షరదోషాలు సరిచేస్తూ యాభై పుల్ రిక్వెస్టులు (మార్పుల ప్రతిపాదనలు) పెట్టినాయనకు మాత్రం ఓటు వచ్చేస్తుంది!

అర్హతకు లెక్కలోకి తీసుకునే చివరి తేదీ ఎన్నిక ప్రకటించిన రోజుకన్నా ముందుది అయ్యుండాలి. 2018లో అందరూ కలిసి గీసే ప్రపంచ పటాన్ని నడిపే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ బోర్డు ఎన్నికల ముందు ఒకే కంపెనీకి చెందిన సుమారు వంద మంది ఒక్కసారిగా సభ్యులుగా చేరారు. దాని మీద ఫౌండేషన్ విచారణ జరపాల్సి వచ్చింది. మీ చివరి తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటే అలాంటి గుంపు వచ్చినా ఈసారికి ఏమీ చేయలేదు. ఓటర్ల జాబితాను వారం ముందు అందరికీ చూపించి, అభ్యంతరాలు తీసుకుని, ఆ తర్వాత ఖరారు చేయండి. ఓటింగ్ నడుస్తుండగా ఒక్క పేరు కూడా కలపొద్దు, ఆ మనిషి ఎంత కావలసినవాడైనా సరే.

పనితనం చూసి ఓటు ఇచ్చినంత మాత్రాన దొంగ మనుషులు రారని గ్యారంటీ లేదు. 2024లో బయటపడ్డ, ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టిన ఎక్స్‌జెడ్ వ్యవహారంలో ఒక ఖాతా రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి మెయింటెయినర్ హోదా సంపాదించుకుంది. దానికి తోడు ఊరూ పేరూ తెలియని ఖాతాలు పాత మెయింటెయినర్ మీద ఒత్తిడి తెచ్చాయి. కాబట్టి జాబితాను సంఖ్యల లెక్కన మాత్రమే కాకుండా, పేరు పేరునా ఇద్దరు ముగ్గురు చదివి చూడాలి.

గడువు ఎవరి గడియారం ప్రకారం?

నవ్వొస్తుంది గానీ, 2025లో ఓపెన్ సోర్స్ లైసెన్సులను ఆమోదించే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ సంస్థ బోర్డు ఎన్నికల్లో ఒక నామినేషన్ ఆలస్యమైందని తిరస్కరించడంతో, గడువు ఏ టైమ్ జోన్ ప్రకారమన్న దాని మీద పెద్ద రచ్చే అయింది. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాత్రి 11:59 అంటే ఆ చలికాలంలో కాలిఫోర్నియాలో మధ్యాహ్నం 3:59. రాత్రి దాకా టైముందని కూర్చున్న మనిషికి తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. తేదీ రాసిన ప్రతి చోటా టైమ్ జోన్ రాయండి. గుర్తుచేస్తూ పంపే ఈమెయిల్‌లోనూ రాయండి, అందరూ చదివేది అదే.

అదే ఎన్నికలో ఇంకోటి జరిగింది. బోర్డు ఒప్పందాన్ని ఉన్నదున్నట్టుగా సంతకం చేయలేదని ఓటింగ్ ముగిశాక ఇద్దరు అభ్యర్థులను లెక్కలోంచి తీసేశారు. ఎవరిది ఒప్పన్నది ఇక్కడ అనవసరం. గెలిచినవాళ్లు ఏ కాగితం మీద సంతకం చేయాలో ఆ కాగితం నామినేషన్ ఫారంతో పాటే చేతికివ్వాలి. ఓట్లు పడ్డాక అడిగే షరతును ఎవరూ నమ్మరు.

అసలు ఎవరూ నిలబడకపోతే? లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే డెబియన్‌కే 2019లో ఆ పరిస్థితి వచ్చింది. ప్రాజెక్టు లీడర్ పదవికి మొదటి వారంలో ఒక్క నామినేషనూ రాలేదు. అలా జరిగితే గడువు ఇంకో వారం పొడిగించాలని వాళ్ల రాజ్యాంగంలో ముందే రాసి ఉంది కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. అక్కడి బ్యాలెట్‌లో 'పైవారెవరూ కాదు' అన్న వరుస కూడా ఉంటుంది. మీరూ పెట్టుకోండి. ఒకే ఒక్కరు నిలబడ్డప్పుడు ఓటుకు అర్థం వచ్చేది దానివల్లే.

ఒకే కంపెనీ ఉద్యోగులు కౌన్సిల్ నిండా కూర్చోకుండా పరిమితి పెట్టడం ఇప్పుడు చాలా చోట్ల ఉంది. పైథాన్ ఐదుగురిలో ఒక యజమాని కింద ఇద్దరికి మించి ఉండకూడదంటుంది. అయితే పరిమితి దాటితే ఎవరు తప్పుకోవాలి? గెలిచాక ఉద్యోగం మారితే? ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనేస్తే? ఈ మూడింటికీ జవాబు రాయకపోతే ఆ రూలు ఉన్నా లేనట్టే.

లెక్కింపు పద్ధతి

దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి. వంద మంది ఓటర్లు, ఐదు సీట్లు అనుకోండి. ఒక్కొక్కరు ఐదుగురికి టిక్ పెట్టొచ్చు. 51 మంది ఒక మాట మీద ఉండి ఒకే ఐదుగురికి టిక్ పెడితే ఐదు సీట్లూ వాళ్లవే. మిగతా 49 మందికి కౌన్సిల్‌లో ఒక్క గొంతు కూడా ఉండదు. ఇప్పుడు అదే వంద మంది అభ్యర్థులను 1, 2, 3 అని వరుసలో పెట్టి, ఓట్లు బదిలీ అయ్యే పద్ధతిలో, అంటే గెలిచినవాళ్ల మిగులు ఓట్లూ ఓడినవాళ్ల ఓట్లూ తర్వాతి ఎంపికకు వెళ్లేలా లెక్కిస్తే సీటుకు 17 ఓట్లు చాలు, వంద ఓట్లలో ఆరుగురికి తలా 17 రావు కాబట్టి. అప్పుడు 51 మందికి మూడు, 49 మందికి రెండు వస్తాయి. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు గొడుగులాంటి అపాచీ ఫౌండేషన్ తన తొమ్మిది మంది డైరెక్టర్లను ఇలాగే ఎన్నుకుంటుంది. డెబియన్ లీడర్ ఎన్నికలో వాడే కాండోర్సే పద్ధతి, అంటే ప్రతి అభ్యర్థినీ మిగతా ప్రతి ఒక్కరితో జోడీ కట్టి పోల్చడం, ఒక్క పదవికి చాలా బాగుంటుంది. దాన్నే ఐదు సీట్లకు సాగదీస్తే మళ్లీ ఆ 51 మందే అంతా ఊడ్చుకుపోగలరు. ఎక్కువ సీట్లుంటే నా ఓటు బదిలీ పద్ధతికే. అర్థం చేసుకోవడానికి కష్టమని కొందరంటారు. ఓటరు చేయాల్సింది వరుస పెట్టడమే, లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. సమానంగా ఓట్లు వస్తే ఏం చేయాలో మాత్రం మర్చిపోకుండా రాయండి.

సాఫ్ట్‌వేర్, తాళంచెవులు

గణిత భద్రత ఎంత గట్టిదైనా మనిషి దగ్గర తేలిపోతుంది. 2025లో క్రిప్టాలజీ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం హీలియోస్ అనే ఆన్‌లైన్ ఓటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఎన్నిక నడిపింది. ఓట్లు విప్పాలంటే ముగ్గురు ట్రస్టీల డిజిటల్ తాళంచెవులూ కావాలి. ఒకరిది పోయింది, తిరిగి దొరికే దారి లేదు. రహస్య లిపుల్లో లోకంలోనే ఆరితేరినవాళ్లు ఫలితం చూడలేక ఎన్నిక మళ్లీ పెట్టుకున్నారు, ఈసారి ముగ్గురిలో ఇద్దరి తాళంచెవులు చాలేట్టు. మీరు అలాంటిది వాడుతుంటే మొదటి నుంచే అలా పెట్టుకోండి. నలుగురైదుగురితో ఉత్తుత్తి ఎన్నిక ఒకటి పెట్టి, లెక్కింపు దాకా నడిపి చూడండి. ఓటు లింకు ఎంతమందికి స్పామ్ ఫోల్డర్‌లో పడుతోందో అప్పుడే తెలుస్తుంది. ఎన్నిక నడిపేవాళ్లు పోటీలో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఓట్లు పారదర్శకంగా ఉండాలని బ్యాలెట్లన్నీ పేర్లు తీసేసి బయటపెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ముప్పై మంది ఓటర్లున్న చోట ఇది ప్రమాదం. ఎనిమిది మంది అభ్యర్థులను వరుస పెట్టడానికి 40,320 రకాలున్నాయి కాబట్టి ఇద్దరి వరుస ఒకేలా ఉండటం అరుదు. ఓ అభ్యర్థి 'నన్ను మొదట పెట్టి, మిగతావాళ్లను ఈ వరుసలో పెట్టు' అని ఒకరితో చెప్పి, ఆ వరుస జాబితాలో కనబడిందో లేదో చూసుకోవచ్చు. మీది చిన్న కమ్యూనిటీ అయితే మొత్తాలు మాత్రమే ప్రకటించండి. డెబియన్ తన సాధారణ తీర్మానాల మీద ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా ప్రచురించేది. 2022లో ఓటు పెట్టుకుని మరీ ఆ పద్ధతి మానుకుంది.

గెలిచాక చేతికి ఏమొస్తుంది?

ఇది చివర్లో రాస్తున్నా గానీ నామినేషన్లకు ముందే తేలాలి. రిపాజిటరీ ఓనర్ హక్కులు, రిలీజ్‌ల మీద డిజిటల్ సంతకం చేసే కీలు, డొమైన్, ట్రేడ్‌మార్క్, విరాళాల ఖాతా. వీటిలో ఏది ఎవరి పేరు మీద ఉందో ఒక జాబితా రాయండి. పాత మెయింటెయినర్ ఏ రోజు దేన్ని అప్పగిస్తారో ఆయన చేతే రాయించుకోండి. లేకపోతే కౌన్సిల్ తీర్మానాలు చేస్తూ ఉంటుంది, మార్పులను కోడ్‌లో కలిపే మెర్జ్ బటన్ ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఒక సభ్యుడు మధ్యలో మానేస్తే తర్వాతి స్థానంలో ఉన్నవారిని తీసుకోవాలా, ఉప ఎన్నిక పెట్టాలా అన్నది కూడా అదే పత్రంలో చేర్చండి. డొమైన్ రెన్యూవల్ డబ్బులు ఎవరి సొంత కార్డు నుంచి పోతున్నాయో కూడా కనుక్కోండి. ఆ కార్డు గడువు కొత్త కౌన్సిల్ పదవీకాలం మధ్యలోనే ముగిసిపోవచ్చు.