పక్కింటి కుక్క, పై ఫ్లాట్ పిల్లి గొడవలు: న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకునే విధానం

పక్క ఫ్లాట్ కుక్క రాత్రి పన్నెండింటికి మొరుగుతుంది. పై అంతస్తు పిల్లి దిగి వచ్చి బండి సీటు గీరి పోతుంది. కుక్కతో లిఫ్టు ఎక్కితే ఎదురింటాయన దిగిపోయి అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పెడతాడు. ఇలాంటివి చినికి చినికి గాలివాన కావడానికి ఎక్కువ కాలం పట్టదు. 2024 మే నెలలో హైదరాబాద్ రహ్మత్‌నగర్‌లో ఒక హస్కీ కుక్క విషయంలో మొదలైన గొడవలో, దాన్ని పెంచుకుంటున్న కుటుంబం మీద కర్రలతో దాడి జరిగింది. కుక్కకూ దెబ్బలు తగిలాయి.

ఇలాంటప్పుడు చాలామందికి తోచేవి రెండే దార్లు: పోలీస్ స్టేషన్, లేదా కోర్టు. ఈ రెండింటికంటే ముందు వెళ్లదగ్గ చోటు ఇంకొకటి ఉంది. అదే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కోర్టులో కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ఏర్పాటు అక్కడ ఉంది. దీన్ని ప్రీ లిటిగేషన్ కేసు, పొట్టిగా పీఎల్‌సీ అంటారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద నడుస్తుంది. కోర్టు ఫీజు లేదు. లాయర్‌ను పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న మాట సరిగ్గా ఇలాంటి తగాదాలకే వర్తిస్తుంది. రేపటి నుంచి మళ్లీ అదే మెట్ల మీద ఎదురుపడాల్సిన ఇద్దరు మనుషులకు ఎఫ్‌ఐఆర్ పెట్టినంత మాత్రాన నిద్ర పట్టదు.

ఏ గొడవ ఎక్కడికి

అన్ని గొడవలూ ఇక్కడికి రావు. మొరుగుడు, వాసన, మెట్ల మీద పెంట, గొలుసు లేకుండా వదలడం, పిల్లులు ఇంట్లోకి దూరడం, పెంపుడు జంతువు ఉందని అద్దెకున్నవాళ్లను వేధించడం లాంటివి ఇక్కడ నడుస్తాయి. పిల్లి విషయమా కుక్క విషయమా అన్న తేడా లేదు.

కరిచిన సంగతి వేరు. ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. తర్వాత నేరుగా ఆసుపత్రికి వెళ్లి యాంటీ రేబిస్ టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా ఇస్తారు. పెంపుడు కుక్కే కదా, టీకాలు వేయించామని వాళ్లు చెప్పారు కదా అని ఆగవద్దు. ఆ కుక్కను పది రోజులు కళ్ల ముందే ఉంచి గమనించాలి, ఎటూ పంపేయకూడదు. కుక్క ప్రమాదకరమని తెలిసీ యజమాని జాగ్రత్త తీసుకోకపోతే అది భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో డెలివరీ ఇవ్వడానికి వెళ్లిన యువకుడి మీదికి పెంపుడు జర్మన్ షెపర్డ్ వచ్చింది. భయంతో కిందికి దూకిన అతను ఆ తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. అంతవరకు వచ్చాక ఏ రాజీ పత్రమూ పనికిరాదు. అందుకే తలుపు తీసే ముందు కుక్కను కట్టేయడమనే చిన్న పని గురించి ముందే అర్జీలో అడగండి అంటాను.

వీధికుక్కల సంగతి కూడా ఈ ఆఫీసుది కాదు. వాటికి మున్సిపాలిటీ వెటర్నరీ విభాగానికి రాయాలి. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి పట్టుకున్న చోటే వదలాలి. పిచ్చి పట్టిన వాటిని, మీదపడి కరిచే వాటిని మాత్రం తిరిగి వదలకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. కుక్కలకు వీధిలో ఎక్కడపడితే అక్కడ అన్నం పెట్టకూడదని, దానికి వేరుగా చోటు చూపాలని కూడా అదే ఉత్తర్వులో ఉంది. ఆ చోటు ఎక్కడన్న దగ్గర కాలనీ రెండుగా చీలితే, 2023 నిబంధనల కింద జంతు సంక్షేమ కమిటీ వేయమని మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వాలి. అందులో పశువైద్యాధికారి, పోలీసుల తరఫు ప్రతినిధి, జంతు సంక్షేమ సంస్థ ప్రతినిధి, ఫిర్యాదు చేసినవాళ్లు, కాలనీ సంఘం వాళ్లు ఉంటారు. పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, గేటు దగ్గర కాకుండా దూరంగా ఉండే స్థలాన్ని ఎంచాలన్నది నియమం.

వెళ్లే ముందు చేతిలో ఉండాల్సినవి

అర్జీ బలం కాగితాల్లో ఉంటుంది, కోపంలో కాదు. ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము, ఏం జరిగిందో రెండు ముక్కలు రాసుకుంటూ పోండి. "రోజూ మొరుగుతుంది" అన్న మాటను అవతలివాళ్లు ఒక్క ముక్కలో కొట్టేస్తారు. "మంగళవారం రాత్రి 11.20 నుంచి 1 దాకా, బాల్కనీలో" అంటే కొట్టేయడం కష్టం. మీ ఇంట్లోంచి, మీ గుమ్మం దగ్గర నుంచి తీసిన వీడియోలు రెండు మూడు చాలు. అవతలి ఇంట్లోకి ఫోను పెట్టి తీయవద్దు, అది ఇంకో గొడవకు దారి. అసోసియేషన్‌కు లేదా పొరుగువారికి ముందుగా రాసిన లెటరు కాపీ ఉంటే ఇంకా మంచిది. వాట్సాప్ మెసేజ్ అయినా ప్రింటు తీసి పెట్టండి.

మీరే జంతువును పెంచుకునేవాళ్లయితే మీ వైపు నుంచి రెండు ముఖ్యం: రేబిస్ టీకా కార్డు, మున్సిపాలిటీ దగ్గర కుక్కను రిజిస్టర్ చేయించిన కాగితం. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పెంపుడు కుక్కలకు లైసెన్స్ ఇస్తుంది. మిగతా ఊళ్లవాళ్లు మున్సిపల్ ఆఫీసులో వెటర్నరీ విభాగాన్ని అడగండి. టీకా సర్టిఫికెట్, చిరునామా రుజువు, కుక్క ఫొటో వెంట తీసుకెళ్లండి. 2023 నిబంధనల్లో పెంపుడు జంతువుకు నులిపురుగుల మందు, టీకాలు, సంతాన నియంత్రణ ఆపరేషన్ యజమాని బాధ్యతేనని స్పష్టంగా ఉంది. టీకా కార్డు చూపించలేని యజమాని మాట ఎవరి ముందైనా తేలిపోతుంది.

అర్జీ రాయడం

తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. పైన "సెక్రటరీ గారికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ" అని, జిల్లా పేరు. మీ పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు. కింద ఎదుటి పక్షం పేరు, చిరునామా. నోటీసు వెళ్లేది ఆ చిరునామాకే కాబట్టి ఫ్లాట్ నంబరు, అంతస్తు తప్పు లేకుండా రాయాలి. ఫ్లాట్ యజమాని వేరే ఊళ్లో ఉండి, అద్దెకున్నవాళ్లు కుక్కను పెంచుకుంటుంటే ఎదుటి పక్షం అద్దెకున్నవాళ్లే.

తర్వాత విషయం. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. "ఆ కుక్కను అపార్ట్‌మెంట్ నుంచి తీసేయించండి" అని అడుగుతారు. అలా అడిగితే రాజీకి ఏమీ మిగలదు. పెంచుకునేవాళ్లకు అది ఇంట్లో మనిషితో సమానం, వాళ్లు మొదటి రోజే లేచి వెళ్లిపోతారు. పైగా పెంపుడు జంతువులను అపార్ట్‌మెంట్ సంఘం పూర్తిగా నిషేధించడం కుదరదు. జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో సర్వసభ్య సమావేశం మెజారిటీతో తీర్మానించినా నిషేధం చెల్లదని, లిఫ్టు వాడనివ్వకపోవడం తగదని ఉంది. జంతువులను ఉంచుకోకూడదనే అపార్ట్‌మెంట్ బైలాలు (సంఘం రాసుకున్న నియమాలు) చెల్లవని 2021లో కేరళ హైకోర్టు కూడా చెప్పింది. కుక్క కనపడకూడదని అడగకండి. మీ నిద్ర చెడకుండా, మీ పిల్లలు భయపడకుండా యజమాని ఏం చేయాలో అడగండి. ఇలా:

"నేను 302 ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఎదుటి పక్షం వారు 303లో ఉంటూ ఒక లాబ్రడార్ కుక్కను పెంచుకుంటున్నారు. జూన్ నుంచి వారు నైట్ షిఫ్టుకు వెళ్లే రోజుల్లో కుక్కను బాల్కనీలో కట్టేసి వెళ్తున్నారు. అది అర్ధరాత్రి దాటేవరకు మొరుగుతోంది. మా అత్తగారు గుండె జబ్బు మనిషి, నిద్ర ఉండడం లేదు. జులై 4న నోటితో చెప్పాను, జులై 19న లెటరు ఇచ్చాను. ఈ కింది విషయాల్లో మా మధ్య రాజీ కుదర్చవలసిందిగా కోరుతున్నాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు కుక్కను బాల్కనీలో ఉంచకూడదు. మెట్ల మీద, లిఫ్టులో గొలుసు పట్టుకునే తీసుకెళ్లాలి. పెంట వేస్తే వెంటనే వారే శుభ్రం చేయాలి. ఏటా రేబిస్ టీకా కార్డు అసోసియేషన్‌కు చూపాలి."

చూడండి, ఇందులో ఒక్క తిట్టు లేదు, జంతువు మీద ద్వేషం లేదు. నాలుగు కోరికలూ చేయగలిగినవే. పిల్లి గొడవైతే బాల్కనీకి వల కట్టించడం, ఆపరేషన్ చేయించడం, పిల్లి మలవిసర్జనకు వాడే మట్టి పెట్టె ఇంట్లోనే ఉంచడం లాంటివి అడగవచ్చు. మీరు పెంచుకునేవాళ్లయి, వేధింపు అవతలి నుంచి వస్తుంటే మీ అర్జీ ఇంకోలా ఉంటుంది: లిఫ్టు అడ్డుకోకూడదని, కుక్క మీద రాళ్లు వేయకూడదని, అదనంగా మెయింటెనెన్స్ వసూలు చేయకూడదని. కోపం పట్టలేక విషం పెట్టడమో, కాళ్లు విరగ్గొట్టడమో చేసినవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ దశకు వెళ్లినదానికి పోలీస్ ఫిర్యాదే దారి.

అర్జీకి సంతకం పెట్టి, ఆధార్ కాపీ, మీ దగ్గరున్న కాగితాల జిరాక్సులు జత చేయండి. ఎదుటి పక్షానికి పంపడానికి ఇంకో సెట్టు, మీ దగ్గర ఉంచుకోవడానికి ఒకటి తీసుకెళ్లండి. అసలు కాగితాలు ఇవ్వవద్దు. రాయడం రాకపోతే అక్కడుండే పారా లీగల్ వాలంటీర్లను (న్యాయ సహాయం చేసే కార్యకర్తలను) అడిగితే రాసిపెడతారు.

ఎక్కడ ఇవ్వాలి, ఇచ్చాక ఏమవుతుంది

జిల్లా సంస్థ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకు పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు దగ్గర, రంగారెడ్డి జిల్లా వాళ్లకు ఎల్‌బీ నగర్ కోర్టుల్లో. చిన్న ఊళ్లవాళ్లు జిల్లా కేంద్రం దాకా పోనక్కర్లేదు, దగ్గర్లోని సివిల్ జడ్జి కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. ఏది మీ పరిధో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవల హెల్ప్‌లైన్.

అర్జీ ఇచ్చాక పీఎల్‌సీ నంబరు అడిగి రాసుకోండి. ఎదుటి పక్షానికి నోటీసు వెళ్తుంది. కోర్టు ఆవరణ నుంచి కాగితం వచ్చిందంటే ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. అందుకే నోటీసు వెళ్లే ముందు రోజు మీరే తలుపు కొట్టి, "ఇది కేసు కాదండీ, కూర్చుని మాట్లాడుకోవడానికే" అని చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఆ ఒక్క మాటతో అవతలివాళ్లు పగతో కాకుండా మాట్లాడే మనసుతో వస్తారు.

చెప్పిన రోజున మీరే స్వయంగా వెళ్లండి. అక్కడ సాక్షుల విచారణ ఉండదు, వాదనలు ఉండవు. ఇద్దరి మాటా విని దారి సూచిస్తారు. మీకు నచ్చని షరతుకు ఒప్పుకోవాల్సిన పని లేదు. ఒప్పుకున్న షరతులను మాత్రం మీకు అర్థమయ్యే భాషలో చదివించుకుని, తేదీలతో సహా రాయించి, అప్పుడే సంతకం చేయండి. "రాత్రిళ్లు కుక్కను అదుపులో ఉంచుతాము" అని రాస్తే రేపు ఎవరికి వారు అర్థం చెప్పుకుంటారు. "రాత్రి పది తర్వాత బాల్కనీ తలుపు వేసి, కుక్కను లోపల ఉంచుతాము" అని రాయించండి.

ఆ రాజీని లోక్ అదాలత్ (రాజీతో తగాదాలు తేల్చే వేదిక) బెంచీ అవార్డుగా, అంటే ఇద్దరూ కట్టుబడాల్సిన తీర్పు పత్రంగా ఇస్తుంది. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం దానికి సివిల్ కోర్టు డిక్రీకి (తీర్పు ఉత్తర్వుకు) ఉన్న విలువే ఉంటుంది. దాని మీద అప్పీలు లేదు. అవతలివాళ్లు మాట తప్పితే కొత్తగా దావా వేయనక్కర్లేదు, అమలు చేయించమని సివిల్ కోర్టును అడగవచ్చు.

ఎదుటి పక్షం రాకపోతే? ఇక్కడ బలవంతం లేదు. వాళ్లు రాకపోయినా, రాజీ కుదరకపోయినా మీకు అనుకూలంగా ఏకపక్ష తీర్పు ఇవ్వరు, అర్జీ మూసేస్తారు. అంతమాత్రాన మీ హక్కు పోదు. మొరుగుడు, వాసన లాంటివాటికి సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా, అంటే ఆ ఇబ్బందిని ఆపించమని కోరే దావా వేసుకోవచ్చు. కాలనీ మొత్తానికి ప్రమాదంగా మారిన జంతువు విషయంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152 సెక్షన్ కింద ఆర్డీవోకు గానీ, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌గా ఉన్న తహసీల్దార్‌కు గానీ అర్జీ ఇవ్వవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్ణీత ఆదాయంలోపు వాళ్లకు కోర్టు దాకా వెళ్లినా ఇదే సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

అవార్డు కాపీ చేతికి రాగానే ఒక జిరాక్సు అసోసియేషన్ సెక్రటరీకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అవార్డు సంతకం చేసిన వాళ్లనే కట్టిపడేస్తుంది. 303లో వాళ్లు ఖాళీ చేసి ఇంకొకరు ఇంకో కుక్కతో దిగితే, మళ్లీ కొత్త అర్జీయే.