రాత్రి ఏడున్నరకు రచ్చబండ దగ్గర: ఆరోగ్య శిక్షణ నడిపే తీరు

కల్యాణదుర్గం దగ్గరి పల్లెల్లో పదకొండేళ్లుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. శిక్షణకు నేను ఎంచుకునే సమయం రాత్రి ఏడున్నర. వేరుశనగ పీకే రోజుల్లో పగలు పిలిస్తే ఎవరూ రారు, రాలేదని నొచ్చుకోవడమూ తప్పే.

పదిహేను మందికి మించి పిలవకండి. ముందు రక్తపోటు చూడండి. తన అంకె తెలిసిన మనిషి, మనం చెప్పింది శ్రద్ధగా వింటాడు. తరువాత ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి నాలుగు చెంచాలు గిన్నెలో పోసి చూపించండి. ఊరగాయలోని ఉప్పూ ఈ లెక్కలోదేనని చెప్పండి. అన్నం మానమనకండి, రాగి సంగటి, కొర్రన్నం వారానికి రెండు పూటలతో మొదలుపెట్టించండి.

మనసు విషయంలో మాత్రం తొందరపడకండి. "దిగులుగా ఉందా?" అని నలుగురిలో అడిగితే ఎవరూ నోరు విప్పరు. "రాత్రి నిద్ర పడుతోందా అక్కా?" అని విడిగా అడగండి. బోరు ఎండిన సంగతి, అప్పు సంగతి అప్పుడే బయటికి వస్తాయి. మధ్యలో సలహాలు వద్దు, వినండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీయించండి. పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేయించండి. ఆ సేవ ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

మరుసటి వారం అదే ఇంటికి మళ్లీ వెళ్లండి. ఒకసారి నేను రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాను. ఆ అక్క గుమ్మంలోనే ఎదురుచూస్తూ కనిపించింది.