గురజాడ గారింట్లో కవితలు చదివే రోజు పెట్టాలంటే ఇలా చేయండి

గురజాడ గారి పుట్టినరోజు సెప్టెంబర్ 21 వచ్చిందంటే ఆయన విగ్రహానికి దండ వేస్తారు, నలుగురు పెద్దలు మాట్లాడతారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు, అయిపోయింది, ఆయన రాసిన గేయం ఒక్కటైనా మొదట్నుంచి చివరిదాకా ఎవరి నోటా వినపడదు. నాకు ఇది చాలా ఏళ్ళుగా బాధ. విజయనగరంలో ఆయన బతికిన ఇల్లు ఇంకా ఉంది కదా, ఆ ఇంట్లో ఆరోజు ఒక పూట మామూలు జనం కూర్చుని ఆయన్ని గట్టిగా చదవాలి, అంతకన్నా ఏం కావాలి చెప్పండి. వేరే ఏ కవిగారి పాత ఇల్లైనా పద్ధతి దాదాపు ఇదే.

ముందు పర్మిషన్. ఆ ఇంటి బాధ్యత ఎవరు చూస్తున్నారో కనుక్కుని లెటర్ రాసివ్వండి, తేదీ, టైము, ఎంతమంది వస్తారు, ఏ గదులు వాడతారు, మైక్ ఉంటుందా లేదా అన్నీ అందులో రాయండి, ఒక కాపీ మీద సంతకం తీసుకుని దగ్గర పెట్టుకోండి. నోటిమాట నమ్ముకోవద్దు. మేము ఒకసారి ఇంకో ఊళ్ళో ఇంకో కవిగారింటి దగ్గర అలాగే నమ్ముకుని పొద్దున్నే వెళ్తే తాళం వేసుంది, తాళంచెవి ఉన్నాయన ఊళ్ళో లేరు, మధ్యాహ్నం దాకా అరుగు మీదే చదువుకున్నాం, పిల్లలు ఎండకి అల్లాడిపోయారు పాపం. మైక్ ఆరుబయట పెడితే పోలీసుల పర్మిషన్ కూడా కావాలి. నన్నడిగితే ముప్పై నలభై మందికి మైకే వద్దు, ఇంటి గదుల్లో మనిషి గొంతు విడిగా వింటే వచ్చే సుఖం స్పీకర్లో రాదు.

చదివేవాళ్ళని పిలవడానికి మంచి రోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. వాడుక భాష కోసం ఇద్దరూ కలిసి కొట్లాడినవాళ్ళే కాబట్టి ఆరోజు మొదలెట్టడం బాగుంటుంది, పైగా 21వ తేదీకి 23 రోజులు చేతిలో ఉంటాయి, ప్రాక్టీసుకి సరిపోతుంది. కవుల్ని మాత్రమే పిలవకండి. ఇంటర్ పిల్లలు, టీచర్లు, దుకాణం నడిపేవాళ్ళు, రిటైరైన తాతగార్లు, ఇంతవరకు నలుగురి ముందు నోరు విప్పని అమ్మలు, వీళ్ళు రావాలి. మనిషికి 5 నిమిషాలు అనుకోండి, లెక్క ప్రకారం గంటకి 12 మంది అవ్వాలి కానీ లేచి రావడం, కళ్ళజోడు పెట్టుకోవడం, కాగితం వెతుక్కోవడం ఇవన్నీ ఉంటాయి కాబట్టి 8 మంది కన్నా ఎక్కువ రాసుకోవద్దు. ఫోన్లో చూసి చదవనివ్వకండి, పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఇవ్వండి.

ఇప్పుడు అసలు సంగతి, చదవడం ఎలా. గురజాడ గారు ఎక్కువగా వాడిన ఛందస్సు ముత్యాల సరం, దాని నడక 3, 4, 3, 4 మాత్రలు (పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగు అక్షరానికి రెండు), అంటే పాదానికి 14. చివరి పాదం చాలాసార్లు కాస్త పొట్టిగా ఉంటుంది. 'మంచి అన్నది పెంచుమన్నా' తీసుకోండి, మంచి, అన్నది, పెంచు, మన్నా, మాట ఎక్కడ విరిగితే దరువూ దాదాపు అక్కడే విరుగుతుంది, హాయిగా పోతుంది. అదే 'దేశమును ప్రేమించుమన్నా' అయితే ఆ 3, 4 ముక్కల (గణాల) ప్రకారం దేశ, మును ప్రే, మించు, మన్నా అని పడుతుంది, పిల్లలు స్కూల్లో కోరస్‌గా పాడీ పాడీ 'మునుప్రే' దగ్గర మాట నుజ్జయిపోయి ప్రేమించమన్న సంగతే చెవికి చేరదు. అందుకని ప్రాక్టీసులో ముందు చేత్తో దరువు వేసుకుంటూ రెండుసార్లు చదివించండి, తర్వాత దరువు ఆపేసి ఎదుటి మనిషికి చెప్తున్నట్టు చదవమనండి. దరువు లోపల ఉండిపోతుంది, మాట పైకి వస్తుంది. నేను చూసినంతలో ఈ రెండో మెట్టు దగ్గరే అందరి గొంతూ మారుతుంది, అప్పటిదాకా పాఠం అప్పజెప్పినట్టున్నవాళ్ళు ఒక్కసారిగా మనుషుల్లా మాట్లాడతారు.

యాస దిద్దకండి, దయచేసి. వాడుక భాష కోసం 1914లో అసమ్మతి పత్రం రాసిన మనిషి ఇంట్లో ఉత్తరాంధ్ర యాసని సరిచేయడం కన్నా అన్యాయం లేదు.

వరస కూడా ఆలోచించాలి. గురజాడ గారి కథాగేయాలు పూర్ణమ్మ, కన్యక రెండూ పక్కపక్కన పెట్టొద్దు, రెండింట్లోనూ ఆడపిల్ల చచ్చిపోతుంది, విన్నవాళ్ళు రెండోదానికి ఇంక తట్టుకోలేరు. పూర్ణమ్మ తర్వాత ఒక నిమిషం ఏమీ పెట్టకండి, చప్పట్లు కొట్టొద్దని ముందే చెప్పండి. పూర్ణమ్మని ఒకే మనిషి చదివితే మేలు, ముక్కలు చేసి నలుగురికి పంచితే కథ తెగిపోతుంది.

వేరే కవులవి కూడా చదవాలనుకుంటే కాపీరైట్ చూసుకోండి. మన దేశంలో కవి పోయిన సంవత్సరం తర్వాత 60 ఏళ్ళ దాకా ఉంటుంది. గురజాడ గారు 1915లో పోయారు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు, జాషువా గారు 1971లో పోయారు కాబట్టి 2031 చివరిదాకా ఉన్నట్టే. నలుగురి ముందు కొంత భాగం చదవడానికి చట్టం ఒప్పుకుంటుంది, మొత్తం పుస్తకం చదివి వీడియో పెట్టాలంటే మాత్రం వారసుల్ని అడగాలి.

ఇంటి విషయంలో జాగ్రత్తలు చాలా ముఖ్యం. జ్యోతి ప్రజ్వలన లోపల వద్దు, పాత పుస్తకాలూ చెక్క సామానూ ఉన్న చోట నూనె, నిప్పు రెండూ ప్రమాదమే, వెలిగించాలంటే వాకిట్లో వెలిగించండి. గోడకి మేకు కొట్టొద్దు, టేప్ అంటించొద్దు, బ్యానర్ బయట రెండు కర్రలకి కట్టుకోండి. టీ, బిస్కెట్లు కూడా బయటే. ఆయన వాడిన కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టకండి, ముఖ్య అతిథినైనా సరే. పాత కాగితాల మీద ఫ్లాష్ కొట్టనివ్వద్దు. మేడ ఉన్న ఇల్లైతే పైన ఒకేసారి ఎంతమంది ఉండొచ్చో అడిగి తెలుసుకోండి.

సెప్టెంబర్ కాబట్టి వాన వస్తుందనే అనుకోండి. చెప్పులు, గొడుగులు పెట్టడానికి గుమ్మం బయట చోటు చూసుకోండి, తడి కాళ్ళతో లోపలికి రాకుండా గోనె పట్టాలు వేయండి, కరెంటు పోతే చదవడానికి రెండు ఛార్జింగ్ లైట్లు దగ్గరుంచుకోండి.

చివర్లో అరగంట పేరు ఇవ్వనివాళ్ళ కోసం ఖాళీగా వదలండి. పొద్దుట్నుంచి వెనకాల కూర్చుని విన్నవాళ్ళు అప్పుడు లేస్తారు, వాళ్ళ చేతికి ఇవ్వడానికి ఎక్స్‌ట్రా ప్రింట్లు ఒక పాతిక ఉంచుకోండి.