చెక్క ఫ్లోర్‌లోకి నీళ్ళు వెళ్ళాయా? కంగారుగా పీకించేయకండి

మాది టెక్సాస్‌లో హార్డ్‌వుడ్ ఫ్లోర్ ఉన్న ఇల్లు. ఒకసారి నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి ఫ్రిజ్ వెనకాల ఐస్ మేకర్‌కి వెళ్ళే సన్న పైపు లీకై కిచెన్ అంతా తడి, పలకల అంచులు లేచి కాలికి తగులుతున్నాయి. ఏడుపొచ్చేసింది నాకు. కానీ చాలావరకు బాగుచేసుకోగలిగాం, అందుకే ఏం చేయాలో వరసగా రాస్తున్నా.

ముందు నీళ్ళు కట్టేయండి, ఎక్కడ లీకో తెలియకపోతే మెయిన్ వాల్వే కట్టేయండి. ప్లగ్ పాయింట్ల దగ్గర దాకా నీళ్ళుంటే ఆ వైపు బ్రేకర్ ఆఫ్ చేయాలి, అయితే బ్రేకర్లుండే ప్యానెల్ దగ్గరికి నీళ్ళలో నడిచి మాత్రం వెళ్ళొద్దు. ఏదీ కదపకముందే ఫొటోలు, వీడియో తీసుకోండి, పాడైన పైపు ముక్క కూడా దాచండి. ఇన్సూరెన్స్ వాళ్ళు మామూలుగా హఠాత్తుగా పగిలినదానికి ఇస్తారు గానీ నెలల తరబడి కారినదానికి ఇవ్వరు, కాబట్టి ఫోన్ ఆలస్యం చేయొద్దు.

తర్వాత నీళ్ళు లాగేయాలి. తువ్వాళ్ళు, తడి లాగే షాప్ వ్యాక్ వాడండి, మామూలు వాక్యూమ్ క్లీనర్ పెడితే షాక్ కొట్టొచ్చు. రగ్గులు, సోఫాలు తీసేయండి, రగ్గు రంగు చెక్కకి పట్టేస్తుంది. వచ్చినవి డ్రైనేజీ నీళ్ళైతే మాత్రం మీరు ముట్టుకోకండి, ఆ పని చేసే కంపెనీని పిలవండి.

ఇక అసలు పని ఆరబెట్టడం. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవ్వచ్చు, అందుకని ఆ రాత్రే ఫ్యాన్లు నేల మీదుగా గాలి పోయేలా పెట్టి, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ ఆన్ చేసి (హోమ్ డిపో లాంటి ఇంటి సామాన్ల షాపులో అద్దెకి కూడా దొరుకుతుంది) కిటికీలు మూసేసి ఏసీ నడపండి, బయట ఉక్కగా ఉన్నప్పుడు కిటికీలు తెరిస్తే ఇంకా తేమే లోపలికొస్తుంది. గోడల అంచున ఉండే బేస్‌బోర్డులు తీస్తే కిందికి గాలి తగుల్తుంది. హీటర్ పెట్టి గబగబా ఆరబెట్టొద్దు, చెక్క పగుళ్ళిస్తుంది.

పైన తడి లేదు కదా, అయిపోయింది అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నా. పైభాగం గాలికి ఆరిపోతుంది గానీ కింద తడి అలాగే ఉంటుంది, కింది వైపు ఉబ్బి పలక దొప్పలా వంగుతుంది, అంచులు లేవడానికి కారణం అదే. అది చూసి వెంటనే సాండింగ్ (మెషీన్‌తో పైన అరగదీసి చదును చేయడం) చేయించేస్తే లేచిన అంచులు అరిగిపోతాయి, తర్వాత కింద కూడా ఆరి పలక సర్దుకున్నాక మధ్యభాగం గూనిలా పైకొస్తుంది. అప్పుడు మళ్ళీ ఖర్చు! మాకు ఒక కాంట్రాక్టర్ వారంలో సాండింగ్ చేసేస్తానన్నాడు, వద్దన్నాం, మంచి పనైంది. రెండు నెలల్లో చాలా పలకలు వాటంతటవే కిందికి దిగాయి.

ఆరిందో లేదో చేత్తో తెలీదు, తేమ కొలిచే, సూదులుండే మాయిశ్చర్ మీటర్ కొనుక్కోండి. తడవని గదిలో చెక్క ఎంత చూపిస్తుందో (మామూలుగా 6 నుంచి 9 శాతం) రాసుకుని, తడిసినచోట కూడా దాదాపు అంతే వచ్చేదాకా ఆగండి, వారాలు పట్టినా సరే. ఊడిపోయి పైకి లేచేసిన పలకలు, నల్లగా మారి మెత్తబడినవి మార్చాల్సిందే.

ఇదంతా పూర్తిగా గట్టి చెక్కతో చేసిన పలకలకి. లామినేట్ అయితే లోపల ఉండేది చెక్కపొడి నొక్కి చేసిన బోర్డు, ఒకసారి ఉబ్బితే మళ్ళీ దిగదు, ఆ ముక్కలు మార్చుకోండి. ఇంజినీర్డ్ వుడ్ అయితే పైన అసలు చెక్క పొర పల్చగా ఉంటుంది, సాండింగ్‌కి సరిపోతుందో లేదో ముందు అడగండి.

మేం ఫ్రిజ్ వెనక ప్లాస్టిక్ పైపు తీసేసి స్టీల్ అల్లిక ఉన్నది వేయించాం, డిష్‌వాషర్ కింద, సింక్ కింద తడి తగిలితే కూసే చిన్న అలారాలు పెట్టాం. ఇప్పుడు ఊరెళ్తే మెయిన్ వాల్వ్ కట్టేసే బయల్దేరుతున్నాం.