ఫోన్ క్యాలెండర్‌తో పని సర్దుకుందాం – మూడో పాఠం: మళ్లీ మళ్లీ వచ్చే పనులు

పోయిన పాఠంలో గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్‌కీ టాస్క్‌కీ తేడా చూశాం. టైము దాటితే ఈవెంట్ వెనక్కి వెళ్లిపోతుంది. టాస్క్ మాత్రం మీరు టిక్ పెట్టేదాకా పెండింగ్‌లోనే ఉంటుంది. ఈ వారం ‘రిపీట్’ నేర్చుకుందాం. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ఒక వెనామీ రకం రొయ్యల గుంట ఉందనుకోండి. రోజువారీ పని, వారం పని, అమావాస్య పౌర్ణములను బట్టి చేసే పని మూడూ అక్కడే దొరుకుతాయి.

ముందు ఒక మాట. మేత వేయడం, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) ఎత్తి చూడడం క్యాలెండర్‌లో పెట్టకండి. అలవాటైన పనులకు కూడా ఫోన్ మోగుతుంటే, నాలుగు రోజులకే ఆ మోత చెవికెక్కడం మానేస్తుంది. నిజంగా మరిచిపోయే పనులే పెట్టండి. జనరేటర్ ట్రయల్ అలాంటిదే. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ టైములో జనరేటర్ స్టార్ట్ కాకపోతే తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు. అందుకని వారానికోసారి దాన్ని పదినిమిషాలు ఆడించి చూడాలి.

ప్లస్ గుర్తు నొక్కి ‘టాస్క్’ ఎంచుకోండి. పేరు దగ్గర ‘జనరేటర్’ అని ఊరుకోకుండా ‘జనరేటర్ ఆడించి, డీజిల్ చూడాలి’ అని రాయండి. చదవగానే చెయ్యాల్సింది తెలియాలి. తేదీ, టైము పెట్టి, రిపీట్‌లో వారానికోసారి అని ఎంచుకోండి. ల్యాబ్‌లో నీటి పరీక్ష చేయించే రోజుకూ ఇదే పద్ధతి.

ల్యాబుకు వెళ్లే రోజును ఈవెంట్‌గా పెట్టుకుని, మధ్యలో మంగళవారం నుంచి గురువారానికి మార్చారనుకోండి. సేవ్ చేసేటప్పుడు ఫోన్ మూడు ప్రశ్నలు అడుగుతుంది: ఈ ఒక్కటేనా, ఇది మొదలు ఇకపై వచ్చేవన్నీనా, మొత్తం అన్నీనా? రెండోదే ఎంచుకోండి. మూడోది నొక్కితే జరిగిపోయిన తేదీలు కూడా మారిపోతాయి. రేపు ఎప్పుడైనా ‘ఆ వారం పరీక్ష ఏ రోజు చేయించాం?’ అని వెతికితే తప్పు తేదీ కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్యలు ఎక్కువగా కుబుసం విడుస్తాయని, ఆ రోజుల్లో మేత తగ్గించి మినరల్స్ చల్లాలని రైతులందరికీ తెలుసు. దీనికి రిపీట్ పనికిరాదు. అమావాస్య నుంచి పౌర్ణమికి సగటున పద్నాలుగు ముప్పావు రోజులు. రెండు వారాలకోసారి అని పెడితే నాలుగు నెలల పంటలో దాదాపు 6 రోజులు ముందుకు జరిగిపోతుంది. 15 రోజులకోసారి అన్నా దాదాపు 2 రోజులు వెనకబడుతుంది.

కంప్యూటర్‌లో క్యాలెండర్ తెరిస్తే ఎడమ పక్కన ‘అదర్ క్యాలెండర్స్’ పక్కనే ప్లస్ ఉంటుంది. అందులో ‘బ్రౌజ్ క్యాలెండర్స్ ఆఫ్ ఇంటరెస్ట్’కు వెళ్లి ‘ఫేజెస్ ఆఫ్ ది మూన్’కు టిక్ పెట్టండి. అమావాస్య, పౌర్ణమి తేదీలు వాటంతటవే వచ్చేస్తాయి. ఒక్కటి గమనించండి: అందులో చూపించేది తిథి ముగిసే క్షణం. తెల్లవారుజామున 3 గంటలకు అని ఉంటే, మన పంచాంగం లెక్కలో అమావాస్య ముందు రోజే. కాబట్టి పక్కన పంచాంగం పెట్టుకుని సరిచూసుకోండి. ‘మేత తగ్గించి, మినరల్స్ చల్లాలి’ అని ఒక ఈవెంట్ రాసి, డూప్లికేట్ చేస్తూ ఒక్కో తేదీకి మార్చండి. పంట మొత్తానికి ఎనిమిది, తొమ్మిది అవుతాయి. ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. ముందు రోజు సాయంత్రమే మోగేలా పెట్టండి, మినరల్స్ స్టాక్ లేకపోతే తెప్పించుకునే వ్యవధి ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: మీ పనిలో మరిచిపోయేవి మూడే మూడు ఎంచుకుని రిపీట్ పెట్టండి. గ్రానైట్ ఆఫీసులో ఉన్నవాళ్లు నెలనెలా వేయాల్సిన జీఎస్టీ రిటర్నులతో, అంటే 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీతో మొదలుపెట్టవచ్చు. వాటికి గుర్తుచేసే రోజును మూడు రోజుల ముందుకు పెట్టుకోండి.

వచ్చే పాఠం: గుంట దగ్గర కాపలా ఉండే మనిషికీ, ఊళ్లో ఉండే యజమానికీ ఒకే క్యాలెండర్ పంచడం.