ర్యాంకు పడిందా, లెక్క తప్పిందా? అనలిటిక్స్ చూసి కంగారుపడే ముందు

పొద్దున్నే మన సైట్‌కు ఎంతమంది వచ్చారో చూపే అనలిటిక్స్ తెరుస్తాం. గీత కిందికి దిగి ఉంటుంది. "గూగుల్ సెర్చ్‌లో ర్యాంకు పోయింది" అని టెన్షన్ మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి కేసుల్లో చాలాసార్లు ర్యాంకు ఎక్కడిదక్కడే ఉంది, తేడా కొట్టింది లెక్కలోనే. అందుకే సైట్‌లో ఏదైనా మార్చే ముందు కొలతను అనుమానించండి.

గూగుల్ అనలిటిక్స్ 4, అంటే జీఏ4, సైట్‌లోకి వచ్చినవాళ్లను లెక్కపెడుతుంది. ర్యాంకు అనేది సైట్ బయట, ఫలితాల పేజీలో తేలే విషయం. దాన్ని చూపేది గూగుల్‌దే ఇంకో టూల్, సెర్చ్ కన్సోల్. గుమ్మంలో కూర్చుని వచ్చేవాళ్లను లెక్కపెట్టే మనిషిని పట్టుకుని, వీధి చివర మన బోర్డు కనిపిస్తోందా అని అడిగితే అతనేం చెప్పగలడు? కింద చెప్పిన తికమకల్లో సగం ఇక్కడే పుడతాయి.

సమస్య: ఏ పదం వెతికి వచ్చారో జీఏ4లో కనిపించడం లేదు

కారణం పాతదే. 2011 అక్టోబర్‌లో గూగుల్ లాగిన్ అయినవాళ్ల సెర్చ్‌లను ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెట్టింది. 2013 నాటికి దాదాపు అన్ని సెర్చ్‌లకూ అదే పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి వెతికిన పదం (కీవర్డ్) అనలిటిక్స్ దాకా రావడం లేదు. "నాట్ ప్రొవైడెడ్" అని కనిపించేది అందుకే. మీ సెట్టింగుల్లో తప్పేమీ లేదు.

పరిష్కారం: జీఏ4 అడ్మిన్‌లో సెర్చ్ కన్సోల్ లింక్ ఇవ్వండి. లింక్ ఇచ్చినా రిపోర్టులు కనిపించడం లేదని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రిపోర్ట్స్‌లోని లైబ్రరీకి వెళ్లి సెర్చ్ కన్సోల్ కలెక్షన్‌ను పబ్లిష్ చేస్తేనే అవి మెనూలోకి వస్తాయి. వచ్చాక కూడా ఫలానా క్వెరీ (వెతికిన మాట) వల్ల ఎన్ని ఆర్డర్లు పడ్డాయని అడిగితే జవాబు దొరకదు. రెండు లెక్కలూ కలిసేది ల్యాండింగ్ పేజీ (వచ్చినవాళ్లు మొదట దిగే పేజీ) దగ్గరే. పేజీవారీగా పక్కపక్కన పెట్టి చూసుకోవడమే దారి.

సమస్య: సెర్చ్ కన్సోల్‌లో డేటా దాదాపు సున్నా

చూస్తున్న ప్రాపర్టీ (కన్సోల్‌లో మనం చేర్చుకున్న సైట్ చిరునామా) వేరేది అయి ఉంటుంది. సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో నడుస్తుంటే, పాత హెచ్‌టీటీపీ ప్రాపర్టీ తెరిచి కూర్చుంటారు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ కూడా వేర్వేరు లెక్కలే. డొమైన్ ప్రాపర్టీ పెట్టుకుంటే అన్నీ ఒకే చోట వస్తాయి.

సమస్య: యావరేజ్ పొజిషన్ ఘోరంగా పడిపోయింది, క్లిక్కులు మాత్రం అలాగే ఉన్నాయి

యావరేజ్ పొజిషన్ అంటే ఫలితాల్లో మన పేజీ కనిపించిన స్థానాల సగటు. అందరినీ ఎక్కువ భయపెట్టేది ఇదే. నిజానికి చాలాసార్లు ఇది మంచి కబురే.

సైకిల్ రిపేర్ గురించి ఒక పేజీ ఉందనుకోండి. మొదటి వారం "సైకిల్ చైన్ జారుతోంది" అనే క్వెరీకి 3వ స్థానంలో 100 సార్లు కనిపించింది, 12 క్లిక్కులు వచ్చాయి. యావరేజ్ పొజిషన్ 3, సీటీఆర్ (కనిపించిన ప్రతి వందసార్లకు పడిన క్లిక్కులు) 12 శాతం. రెండో వారం ఆ క్వెరీలో ఏ మార్పూ లేదు. కానీ గూగుల్ అదే పేజీని "సైకిల్ రిపేర్" అనే పెద్ద క్వెరీకి కూడా 40వ స్థానంలో చూపడం మొదలుపెట్టింది. దానికి 300 ఇంప్రెషన్లు వచ్చాయి, అంటే 300 సార్లు కనిపించింది, క్లిక్కులు లేవు. ఇప్పుడు లెక్క వేయండి: 100 ఇంటూ 3, 300 ఇంటూ 40, మొత్తం 12,300. దాన్ని 400తో భాగిస్తే 30.75. సీటీఆర్ 3 శాతం. కన్సోల్‌లో పైన ఉన్న గ్రాఫ్ చూస్తే సైట్ మునిగిపోయినట్టే ఉంటుంది. జరిగిందల్లా మీ పేజీ ఒక కొత్త క్వెరీకి కూడా కనిపించడమే.

(ఇక్కడ అంకె పెరిగితే మనం కిందికి పోయినట్టు. మీటింగ్‌లో "పొజిషన్ పెరిగింది" అని ఎవరైనా అంటే, అంకె పెరిగిందా ర్యాంకు పెరిగిందా అని అడగడం మరిచిపోకండి.)

దీనికి తలకిందుల కేసు 2025 సెప్టెంబర్‌లో చాలా సైట్లు చూశాయి. గూగుల్ సెర్చ్‌లో ఒకే పేజీలో 100 ఫలితాలు చూపించేలా చిరునామాకు తగిలించే యూఆర్ఎల్ పారామీటర్ పనిచేయడం మానేసింది. ర్యాంకులు చెక్ చేసే సాఫ్ట్‌వేర్లు అంతకుముందు దాన్నే వాడుకునేవి. 70, 80 స్థానాల్లో ఉన్న లింకులకు కూడా ఆ బాట్ల వల్ల ఇంప్రెషన్లు పడేవి. అవి పోగానే ఇంప్రెషన్లు తగ్గి, యావరేజ్ పొజిషన్ మెరుగైనట్టు కనిపించింది. మనుషుల రాకపోకల్లో తేడా ఏమీ లేదు. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న నెలలను పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

పరిష్కారం: సైట్ మొత్తం యావరేజ్‌ను పట్టించుకోకండి. మీకు ముఖ్యమైన ఒక పది పన్నెండు క్వెరీలు తీసుకోండి. ఒక్కోదానికి క్వెరీ, పేజీ, దేశం, డివైజ్ నాలుగూ ఫిల్టర్ పెట్టి, గత 28 రోజులను అంతకుముందు 28 రోజులతో పోల్చండి. 28 ఎందుకంటే అది సరిగ్గా నాలుగు వారాలు, శని ఆదివారాల తేడా రాదు. పొజిషన్ ఒక్కదాన్నే ఎప్పుడూ చూడకండి, పక్కన ఇంప్రెషన్ల కాలమ్ కూడా ఉండాలి.

సమస్య: కన్సోల్‌లో 3వ స్థానం, నా ఫోన్‌లో వెతికితే 8

రెండూ నిజమే. మీ ఫోన్ చూపింది ఒక చోట, ఒక డివైజ్‌లో, ఒక నిమిషంలో వచ్చిన ఫలితం. ఇన్‌కాగ్నిటో వాడినా మీరు ఎక్కడున్నారో గూగుల్‌కు అంచనా ఉంటుంది. కన్సోల్ చెప్పేది ఆ క్వెరీకి పడిన ఇంప్రెషన్లన్నిటి సగటు. పదే పదే వెతుక్కుని చూసుకునే అలవాటు మానేయండి.

సమస్య: కన్సోల్‌లో 400 క్లిక్కులు, జీఏ4లో 290 ఆర్గానిక్ సెషన్లు

ఆర్గానిక్ సెషన్ అంటే ప్రకటనల నుంచి కాకుండా మామూలు సెర్చ్ ఫలితాల నుంచి సైట్‌కు ఒకసారి రావడం. ఈ రెండు అంకెలు కలవవు, కలవాల్సిన పనీ లేదు. కుకీలకు ఒప్పుకోనివాళ్లు, యాడ్ బ్లాకర్ వాడేవాళ్లు, పేజీ పూర్తిగా తెరుచుకునేలోపే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు జీఏ4కు కనిపించకపోవచ్చు. పీడీఎఫ్‌కు వచ్చిన క్లిక్ కన్సోల్‌లో పడుతుంది, పీడీఎఫ్‌లో ట్యాగ్ (జీఏ4 లెక్కపెట్టడానికి పేజీలో పెట్టే కోడ్) ఉండదు కాబట్టి జీఏ4లో పడదు. కన్సోల్ రోజువారీ లెక్క అమెరికా పసిఫిక్ టైమ్‌లో నడుస్తుంది, మీ జీఏ4 మీరు పెట్టుకున్న టైమ్ జోన్‌లో. పైగా జీఏ4 ఆర్గానిక్‌లో బింగ్ లాంటి వేరే సెర్చ్ ఇంజిన్లు కూడా కలిసిపోతాయి. పోల్చే ముందు సోర్స్‌ను గూగుల్‌కు పరిమితం చేయాలి.

కలపడానికి ప్రయత్నించే బదులు నిష్పత్తిని గమనించండి. వంద క్లిక్కులకు దాదాపు 72 సెషన్లు అనేది వారం వారం అలాగే ఉంటే బాగున్నట్టే. ఉన్నట్టుండి 30కి పడితే ర్యాంకు సంగతి కాదు, ట్యాగ్ సంగతి.

ఇది నాకే జరిగింది. ఒక సైట్‌కు కొత్త టెంప్లేట్ వేశాం. వారానికల్లా ఆర్గానిక్ సెషన్లు మూడో వంతుకు వచ్చాయి. రెండు రోజులు టైటిళ్లు తిరగరాస్తూ కూర్చున్నాను. మూడో రోజు కన్సోల్ తెరిస్తే క్లిక్కులు ఎప్పటిలాగే ఉన్నాయి. వ్యాసాల పేజీల టెంప్లేట్‌లో ట్యాగ్ పెట్టడం మరిచిపోయాం, హోమ్ పేజీలో మాత్రమే ఉంది. రియల్‌టైమ్ రిపోర్ట్ పక్కన పెట్టుకుని, ఒక్కో రకం పేజీ తెరిచి చూసి ఉంటే ఐదు నిమిషాల పని.

ఆర్గానిక్ ఎంత తగ్గిందో డైరెక్ట్ (ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్ల లెక్క) అంతే పెరిగితే మాత్రం అది వేరే జబ్బు. మధ్యలో ఏదో రీడైరెక్ట్ (వేరే చిరునామాకు మళ్లింపు), ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే రిఫరర్‌ను మింగేస్తోందన్నమాట. సైట్ లోపలి లింకులకు ఎవరైనా యూటీఎం ట్యాగులు (ఏ ప్రచారం నుంచి వచ్చారో చెప్పేందుకు లింకు చివర పెట్టేవి) తగిలించారేమో కూడా చూడండి. అవి బయటి ప్రచార లింకులకే వాడాలి.

సమస్య: పొజిషన్ మారలేదు, క్లిక్కులు తగ్గాయి

ఇంప్రెషన్లు కూడా తగ్గి ఉంటే వెతికేవాళ్లే తగ్గారు. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. కన్సోల్ 16 నెలల డేటా ఉంచుతుంది కాబట్టి అది వీలవుతుంది. అంతకంటే వెనక్కి కావాలంటే ముందునుంచే ఎగుమతి చేసి దాచుకోవాలి.

ఇంప్రెషన్లు అలాగే ఉంటే ఫలితాల పేజీ రూపం మారి ఉంటుంది. పైన ఏఐ ఓవర్‌వ్యూ (గూగుల్ ఏఐ రాసిన జవాబు పెట్టె) వచ్చి ఉండొచ్చు, ప్రకటనలు పెరిగి ఉండొచ్చు. ఏఐ ఓవర్‌వ్యూలోని లింకులన్నిటికీ కన్సోల్ ఒకే పొజిషన్ ఇస్తుంది. అంటే 1వ స్థానం అని కనిపించినా, అది ఆ పెట్టెలోని ఒక చిన్న లింకు కావచ్చు. దీనికి టైటిల్ మార్చి చూడటం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. జవాబు రెండు ముక్కల్లో అయిపోయే క్వెరీల మీద నేనైతే ఆశ వదులుకున్నాను.

సమస్య: ఒకే క్వెరీకి ఈ వారం ఒక పేజీ, వచ్చే వారం ఇంకో పేజీ

మీ పేజీలు రెండు ఒకదానితో ఒకటి పోటీపడుతున్నాయి. క్వెరీ ఫిల్టర్ పెట్టి పేజెస్ ట్యాబ్ చూస్తే రెండూ కనిపిస్తాయి. బలంగా ఉన్నదాంట్లోకి రెండోదాని సరుకు చేర్చి, రెండోదాన్ని 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) చేయండి. రెండూ నిజంగా వేర్వేరు అవసరాలు తీరుస్తుంటే మాత్రం వదిలేయండి.

ఇవేవీ కాదు, నిజంగానే పడింది

అప్పుడు ముందు తేదీ పట్టుకోండి. ఒక్క రోజులో పడిందా, మెల్లగా జారిందా? సైట్ మొత్తమా, ఒక ఫోల్డరా? ఒక్క రోజులో ఒక ఫోల్డర్ మాత్రమే పడితే నోఇండెక్స్ ట్యాగ్ (పేజీని ఫలితాల్లో చూపవద్దనేది), రోబోట్స్ ఫైలు (గూగుల్ బాట్ ఏ పేజీలకు రావచ్చో చెప్పేది), క్యాననికల్ (ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పేది) చూడండి. కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఈ మూడూ తెలిసిపోతాయి. మాన్యువల్ యాక్షన్స్ పేజీ (సైట్ మీద గూగుల్ చర్య తీసుకుంటే కనిపించే చోటు) కూడా ఒకసారి తెరవండి. సైట్ మొత్తం పడితే గూగుల్ సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డ్‌లో ఆ తేదీకి కోర్ అప్‌డేట్ (ర్యాంకులిచ్చే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు) ఏదైనా నడుస్తోందేమో చూడండి. నడుస్తుంటే అది పూర్తయ్యాక కనీసం ఒక వారం ఆగి, అప్పుడు పోల్చుకోమని గూగుల్ చెబుతుంది. ఆ వారం చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టమే. కానీ మధ్యలో టైటిళ్లు, లింకులు మార్చేస్తే, తర్వాత వచ్చిన తేడా అప్‌డేట్‌దో మీ మార్పులదో తేల్చుకోలేరు.